పోలండ్‌లోని క్రాకోవ్ సెయింట్ మేరీస్ చర్చిలోకి ఏ తలుపు నుంచి వెళ్ళాలి?

మెయిన్ డోర్ దగ్గర మిమ్మల్ని ఆపేశారని రాశారు కదండీ, అది ప్రార్థనకి వచ్చేవాళ్ళ దారి, అందుకే పంపలేదు. టూరిస్టులకి దక్షిణం వైపు వేరే తలుపు ఉంది, టికెట్ ఆ పక్కనున్న చిన్న స్క్వేర్‌లోనే ఇస్తారు. ఆదివారం పొద్దున మాస్‌లు (చర్చి ప్రార్థనలు) ఉంటాయి, ఆ రోజు వద్దు. మీకు ఒక్క పూటే టైముందన్నారు కాబట్టి పదకొండున్నరకల్లా లోపలుండండి, ఎందుకంటే 11:50కి లోపలున్న పెద్ద చెక్క ఆల్టర్ (బలిపీఠం వెనక నిలబెట్టిన శిల్పాల అమరిక) రెక్కలు తలుపుల్లా తెరుస్తారు, ఫైట్ ష్టోస్ అనే శిల్పి 1477 నుంచి 1489 దాకా చేసింది, మధ్యలో ఒరిగిపోతున్న మేరీమాతని పట్టుకున్న శిష్యుడి చేతుల మీద నరాలు కూడా తేలి ఉంటాయి, అస్సలు మిస్సవ్వకండి! చూడ్డం అయ్యాక ఒంటిగంటకి బయట నిలబడితే చర్చి రెండు టవర్లలో పొడుగుదాని మీంచి బూర ఊదుతారు, మధ్యలో టక్కున ఆపేస్తారు, అక్కడి ఆనవాయితీయే అది.