ఊళ్ళో రక్తదాన శిబిరం: ఫ్లెక్సీ కంటే ముందు బ్లడ్ బ్యాంక్‌కి వెళ్ళండి

మీ యూత్ తరఫున ఊళ్ళో మొదటిసారి రక్తదాన శిబిరం పెడుతున్నామని, వంద యూనిట్లు (ఒకరిచ్చే రక్తం ఒక యూనిట్) దాటాలంటే ఏం చేయాలని అడిగారు. మా మండలంలో కొన్నేళ్ళుగా ఈ పని చూస్తున్నవాడిగా చెప్తున్నాను, ఆ వంద సంగతి ముందు పక్కన పెట్టండి. ఫ్లెక్సీ కొట్టించకముందే, టెంట్ హౌస్‌కి అడ్వాన్స్ ఇవ్వకముందే ప్రభుత్వాసుపత్రి బ్లడ్ బ్యాంక్‌కో రెడ్‌క్రాస్‌కో వెళ్ళి మీకు ఏ నెలలో కొరత, ఒక్క రోజులో ఎంత తీసుకోగలరు అని అడగండి. వాళ్ళు అరవై అంటే మీ లక్ష్యం అరవై, అంతే.

ఎందుకంటే రక్తం ఎక్కువ కాలం దాచుకునేది కాదు. ఎర్ర కణాలు ఫ్రిజ్‌లో 35 నుంచి 42 రోజులు ఉంటాయి, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. హీరో పుట్టినరోజనో నాయకుడి పుట్టినరోజనో అందరం ఒకే వారంలో పెట్టేస్తే ఆ వారం పొంగిపొర్లుతుంది, తర్వాత మళ్ళీ కరువే. ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలకు సెలవులు, పైగా ఎండలు, ఇచ్చేవాళ్ళు దొరకరు. తలసేమియా (పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు) ఉన్న పిల్లలకు మాత్రం రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, ఎండాకాలమైనా ఆగదు. వానలు పడ్డాక డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్ల కోసం పరుగులు. మీ శిబిరం ఆ కొరత రోజుల్లో పడితే యాభై యూనిట్లు వచ్చినా అది పెద్ద విజయమే.

తేదీకి క్యాలెండర్‌తో పాటు పంచాంగం కూడా చూడండి. కార్తీక సోమవారం, ఏకాదశి, శివరాత్రి, రంజాన్ నెల పగటిపూట వద్దు, ఉపవాసం ఉన్నవాళ్ళ దగ్గర రక్తం తీయరు. శ్రావణ శుక్రవారం పెడితే ఆడవాళ్ళు ఒక్కరూ రారు. నాట్లప్పుడు, పత్తి తీతలప్పుడు కూడా వద్దు. ఆదివారం పొద్దున టిఫిన్లయ్యాక మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించేయండి. చోటు విషయానికొస్తే రోడ్డు మీద షామియానా కంటే హైస్కూల్ గదులు నయం, ఫ్యాన్లు, బాత్రూమ్, నీళ్ళు ఉంటాయి, జనరేటర్ ఒకటి మాట్లాడి పెట్టుకోండి.

ఒకరి దగ్గర రక్తం తీయడానికి పది నిమిషాల లోపే పడుతుంది కానీ పడుకోబెట్టి, లేపి, మళ్ళీ ఇంకొకరిని ఎక్కించేసరికి ఒక మంచానికి గంటకు నలుగురు అనుకోండి. ఆరు మంచాలుంటే గంటకు పాతిక మంది లోపే. అందరినీ తొమ్మిదింటికే రమ్మంటే పదకొండుకి సగం మంది విసుగొచ్చి వెళ్ళిపోతారు. వీధుల వారీగా టైమ్ ఇచ్చి ఫోన్ చేసి పిలవండి.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది హిమోగ్లోబిన్ చూసే టేబుల్ దగ్గర. వేలి మీద గుచ్చి తీసిన చుక్కని చాలాచోట్ల నీలం రంగు కాపర్ సల్ఫేట్ నీళ్ళలో వేస్తారు, మునిగితే సరిపడా ఉన్నట్టు, తేలితే తక్కువ. హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు ఉండాలి. ఎంతో ఉత్సాహంగా వచ్చిన అమ్మాయిల్లో చాలామంది చుక్క అక్కడ తేలిపోతుంది, స్నేహితుల ముందు ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతారు. ఆ టేబుల్ పక్కన ఒక అక్కనో ఆశా కార్యకర్తనో కూర్చోబెట్టండి, "ఏం కాదమ్మా, పీహెచ్‌సీలో ఒకసారి చూపించుకో, ఐరన్ మాత్రలు ఇస్తారు" అని చెప్పి పంపాలి. ఆ అమ్మాయికి రక్తహీనత ఉందని ఆ రోజే తెలిసిందంటే మీ శిబిరం ఆ ఇంటికి మేలు చేసినట్టే. నన్నడిగితే అది ఒక యూనిట్‌తో సమానం.

హెల్మెట్లు, వాచీలు లాంటి ఖరీదైన బహుమతులు పెట్టకండి. వస్తువు కోసం వచ్చినవాడు కామెర్లు వచ్చిన సంగతో వాడుతున్న మందుల సంగతో డాక్టర్ దగ్గర దాచేస్తాడు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేస్తారు కానీ ఈమధ్యే సోకింది ఒక్కోసారి పరీక్షకు కూడా దొరకదు. అందుకే డాక్టర్ ప్రశ్నలడిగే చోటుకి కనీసం ఒక తెర కట్టండి, పక్కన జనం నిలబడి ఉంటే ఎవరూ నిజం చెప్పరు. బలవంతాలూ వద్దు.

ఇచ్చినవాళ్ళు వెంటనే లేచి బైక్ ఎక్కకుండా చూసే బాధ్యత ఇద్దరు గట్టి కుర్రాళ్ళకి అప్పగించండి, వాళ్ళకి ఇంకే పనీ చెప్పకూడదు. కళ్ళు తిరగడం మంచం మీద కంటే లేచి నాలుగడుగులు వేశాకే ఎక్కువ చూశాను. పావుగంట కూర్చోబెట్టి మజ్జిగో జ్యూసో, బిస్కెట్లో ఇవ్వండి. ఎవరైనా తూలితే చుట్టూ మూగకుండా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పట్టుకుని నర్సుని పిలవాలి.

ఫొటోలు, సన్మానాలు, శాలువాలు చివర్లో పెట్టుకోండి. ముఖ్య అతిథి కోసం మంచాలు ఖాళీగా ఉంచకండి.

ఆ సాయంత్రమే పేరు, గ్రూపు, ఫోన్ నంబరు, ఇచ్చిన తేదీ ఒక పుస్తకంలో రాసుకోండి, నంబర్లు వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టకండి. మగవాళ్ళు మళ్ళీ 90 రోజులకి, ఆడవాళ్ళు 120 రోజులకి ఇవ్వొచ్చు. నెగెటివ్ గ్రూపుల వాళ్ళని విడిగా గుర్తు పెట్టుకోండి, రాత్రిపూట ఫోన్లు వచ్చేది ఎక్కువగా వాళ్ళ కోసమే. మీది ఏ జిల్లా, ఏ నెల అనుకుంటున్నారో రాస్తే మిగతావి కూడా చెప్తాను.