దేవుడి మీద కోపం వస్తే పాపమా?

ప్రశ్న: పోయిన ఏడాది మా నాన్నకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. నయమైతే తిరుమల కొండ నడిచి ఎక్కి తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. 37 రోజులు ఆస్పత్రిలో ఉండి ఆయన వెళ్లిపోయారు. అప్పటి నుంచి దేవుడి గదిలో అడుగు పెడితే ఏడుపు, కోపం. నోటికొచ్చినట్టు తిట్టుకుంటున్నాను. ‘ఇంటికి అరిష్టం’ అని అమ్మ ఒకటే టెన్షన్. నాదే తప్పా? అసలు దేవుడున్నాడా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తల్లీ, ఉన్నాడని రుజువు చూపించలేను. నేను నమ్ముతాను, అంతే. కానీ తిట్టానన్న భయం మాత్రం పెట్టుకోకు. మీ నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, మన రామదాసు, శిస్తు డబ్బుతో భద్రాచలంలో గుడి కట్టించి గోల్కొండ చెరసాలలో పడ్డాడు. 12 ఏళ్లంటారు. అక్కడ కూర్చుని రాముణ్ని ఎన్ని మాటలన్నాడు! సీతమ్మకు చింతాకు పతకం చేయించానని లెక్కలు చెప్పి, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని నిలదీశాడు. అదే పాటలో, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, ఏమీ అనుకోకు అంటాడు. అక్కడికొచ్చేసరికి నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఆ తిట్లనే కదా మనం గుళ్లలో పాడుకుంటున్నాం!

మా ఆయన పోయినప్పుడు నేనూ దీపం మానేశాను. పదకొండు నెలలు. ఇత్తడి కుందిలో మిగిలిన నూనె జిగురై, అంచు చుట్టూ పచ్చగా చిలుము పట్టింది. ఒకరోజు ఎందుకో చింతపండు వేసి తోమాను. ఆ పూట వెలిగించలేదు, బోర్లించి పెట్టాను. తర్వాతెప్పుడో కరెంటు పోయిన రాత్రి వెలిగించాను. ఏమీ కోరుకోలేదు. అంతకుముందు నాకు దేవుడంటే గుమ్మంలో నిలబడ్డ అప్పులవాడు. ఇప్పుడు ఆయనతో ఆరోజు ముచ్చట్లు చెప్పుకుంటాను.

మీ నాన్న జబ్బుతో పోయారమ్మా, నీ మొక్కులో లోపం వల్ల కాదు. నయమైతే అన్నావు, కాలేదు. ఇక బాకీ ఎక్కడిది? ఎవరైనా గుండు చేయించుకోమంటే వద్దని చెప్పెయ్. దేవుడి గదిలోకి నీకు బుద్ధి పుట్టినప్పుడే వెళ్లు. ఎప్పటికీ పుట్టకపోయినా నువ్వు చెడ్డదానివైపోవు.

అమ్మ సంగతి చూడు. ఆవిడకు నీ మీద కోపం లేదు, నీకేమైనా అవుతుందేమోనని భయం. సాయంత్రం దీపం పెట్టే వేళకు గడప ఇవతల కూర్చో. చేతులు జోడించనక్కర్లేదు. అగ్గిపెట్టె అందించు.