చిక్కుడు పాదు మీది నల్ల పురుగులను చంపకండి

ప్రశ్న: మా మిద్దె తోటలో చిక్కుడు పాదుకు పేనుబంక విపరీతంగా పట్టింది. దాని మధ్యలో నారింజ రంగులో మెరిసే చిన్న గుండ్రటి పురుగులు, నల్లగా, ముళ్లతో ఉన్న ఇంకేవో పురుగులు తిరుగుతున్నాయి. వంగను పాడుచేసే అక్షింతల పురుగులివే, వెంటనే మందు కొట్టమని పక్కింటివాళ్లు అంటున్నారు. మూడు ఫొటోలు పంపుతున్నాను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మందు కొట్టకండమ్మా. ముందు ఆ మాట చెప్పేస్తే నాకు టెన్షన్ తగ్గుతుంది. మొదటి ఫొటోలో మీరు రెండు రకాలనుకుంటున్నవి ఒకే జాతి. నల్లటివి పిల్లలు, నారింజవి పెద్దవి. రెండూ పేనుబంకను తిని బతికేవే.

పెద్ద పురుగు రెక్కలు చూడండి. వీపు మధ్య నిలువుగా ఒక నల్ల గీత, దానికి అటూ ఇటూ మెలికలు తిరిగిన గీతలు, వెనక వైపు చెరో మచ్చ. ఇది కీలోమెనెస్ సెక్స్‌మాక్యులేటా. పాత వ్యవసాయ పుస్తకాల్లో మెనోకైలస్ అని ఉంటుంది. పొడవు 4 నుంచి 6 మిల్లీమీటర్లు. అపరాల చేలల్లో, పెరటి పాదుల మీద మనకు బాగా కనిపించే అక్షింతల పురుగు ఇదే. మూడో ఫొటోలో కాస్త పెద్దగా, ఎర్రగా, తెగిన గీతలతో ఉన్నది కాక్సినెల్లా ట్రాన్స్‌వర్సాలిస్. దాన్నీ ఉండనివ్వండి.

వంగను తినే అక్షింతల పురుగు వేరే జాతి, హెనోసెపిలాక్నా. దాని ఒంటికి మెరుపు ఉండదు, సన్నని నూగు ఉంటుంది. ఇటుక రంగు మీద చాలా చుక్కలు, కొన్నిటికి 28 వరకూ. పిల్లలు పసుపు రంగులో, చీలిన ముళ్లతో ఉంటాయి. అవి ఆకు పచ్చదనాన్ని గీకి తిని ఈనెలు మిగులుస్తాయి. మీ చిక్కుడు ఆకుల్లో అలాంటి గీకుడు ఒక్కటీ లేదు. ఆకులు ముడుచుకుపోయింది పేనుబంక రసం పీల్చడం వల్లే.

ఆకు అడుగున నిలబెట్టినట్టుండే పసుపు గుడ్ల గుంపులు వెతకండి. మన ఎండలకు గుడ్డు పెద్ద పురుగు కావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. పిల్ల పురుగు బాగా తిని, తోకను ఆకుకు అతికించుకుని కదలకుండా ఉండిపోతుంది. చాలామంది అది చచ్చిందనుకుని గిల్లేస్తారు. అది కోశస్థ దశ, అందులోంచే పెద్ద పురుగు వస్తుంది. పేనుబంక దొరకకపోతే ఇవి తమ గుడ్లనూ తోటి పిల్లలనూ తినేస్తాయి, కాబట్టి ఏరి డబ్బాలో పెట్టొద్దు. పట్టుకుంటే కాళ్ల కీళ్లలోంచి పసుపు ద్రవం వదులుతాయి. చేదు వాసన వేసే ఆ ద్రవమే వాటికి రక్షణ.

ఇక రెండో ఫొటో. అందులో పందిరి గుంజ మీద చీమల బారు ఉంది. నాకు అసలు బెంగ దాని గురించే. పేనుబంక వదిలే తీపి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగులను కరిచి తరుముతాయి. ఆ జిగురు మీదే ఆకులకు నల్ల బూజు పడుతుంది. గుంజల చుట్టూ గ్రీజు పూసిన గుడ్డ కట్టండి. గోడకు ఆనుకున్న తీగలను విడదీయండి, లేకపోతే చీమలు అటునుంచి వస్తాయి.

పేనుబంక నిండిపోయిన చిగుళ్లు తుంచేయండి. తుంచేముందు వాటి మీది పిల్ల పురుగులను పక్క కొమ్మకు మార్చండి. అక్షింతల పురుగులు లేని కొమ్మల మీద పైపుతో నీళ్లు గట్టిగా కొట్టినా పేనుబంక చాలావరకు రాలిపోతుంది.

రసాయన మందు కొడితే పేనుబంకా, అక్షింతల పురుగులూ రెండూ చస్తాయి. కానీ పేనుబంకలో ఆడవి మగతోడు లేకుండానే పిల్లలను పెడతాయి, ఆ పిల్లలు సుమారు వారంలో మళ్లీ పిల్లలు పెట్టేస్తాయి. అక్షింతల పురుగులు అంత వేగంగా అందుకోలేవు. పైగా ఆ కాయలు మీరు తినేవి.

ఉబ్బి, గోధుమ రంగుకు తిరిగి కదలని పేనుబంక కనిపిస్తే దాన్నీ తుంచకండి. దాని లోపల పెరుగుతున్నది చిన్న కందిరీగ, అదీ పేనుబంకను చంపేదే.