పిల్లలతో ఖరీదైన ఓడ ఎక్కే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

వచ్చే వేసవిలో సియాటిల్ నుంచి అలాస్కా క్రూజ్‌కు వెళ్లాలనుకుంటున్నారని, అప్పటికి బెజవాడ నుంచి మీ అత్తమామలు కూడా వస్తారు కాబట్టి ఈసారి ఖర్చుకు వెనుకాడకుండా మంచి ఓడే చూస్తున్నారని రాశావు. చాలా సంతోషం. అయితే నీ ఉత్తరంలో సగం భయమే కనిపించింది. అంత డబ్బు పోసి ప్రశాంతంగా గడపడానికి వచ్చినవాళ్ల మధ్య మన ఆరేళ్ల పిల్ల, రెండేళ్ల పిల్లవాడు గోల చేస్తే నలుగురిలో తలకొట్టేసినట్టు అవుతుందని నీ బెంగ. ఆ బెంగ ఉండటం మంచిదే కానీ, పిల్లల్ని కట్టడి చేయడం గురించి ఆలోచించినంతగా నువ్వు ఓడ ఎంపిక గురించి ఆలోచించడం లేదని నాకనిపించింది. మేము సియాటిల్‌లో స్థిరపడ్డాక ముందు మా పిల్లలతోనూ, ఆ తరవాత మనవలతోనూ అలాస్కా వైపు పలుమార్లు వెళ్లాం. తోటి ప్రయాణికులు మొహం చిట్లించుకున్న సందర్భాలను తలుచుకుంటే, పిల్లలకు సరిపడని ఓడకో, సరిపడని వేళకో వాళ్లను తీసుకొచ్చిన పెద్దవాళ్లదే చాలావరకు తప్పనిపిస్తుంది.

ముందుగా ఓడ సంగతి చెబుతాను. ఖరీదైన ఓడలన్నీ ఒక్కలాంటివి కావు. వైకింగ్ అనే సంస్థ ఓడల్లో పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను అసలు ఎక్కించుకోరు, కాబట్టి ఆ పేరు నీ జాబితాలో ఉంటే ఇప్పుడే కొట్టెయ్యి. సీబోర్న్, సిల్వర్‌సీ, రీజెంట్ వంటి సంస్థల ఓడలు చిన్నవి. వాటిలో ప్రయాణికులు కొన్ని వందల మందే ఉంటారు. ఆరు నెలలో, ఏడాదో నిండిన పిల్లలను అవి అనుమతిస్తాయి. అయితే అనుమతించడం వేరు, పిల్లల కోసం ఏర్పాట్లు చేయడం వేరు. రీజెంట్ వాళ్లు వేసవిలో కొన్ని ప్రయాణాలకు పిల్లల కార్యక్రమాలు పెడతారు కానీ, మొత్తం మీద ఇటువంటి ఓడల్లో పిల్లలకంటూ వేరే ఆటగది గానీ, చిన్నపిల్లల కొలను గానీ ఉంటాయని ఆశించకూడదు. వాటిలో ప్రయాణించేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగాలు విరమించినవాళ్లు. సాయంత్రం చక్కగా తయారై, నింపాదిగా భోంచేసి, పుస్తకం చదువుకోవడానికి వచ్చినవాళ్లు. వాళ్ల మధ్య మీ రెండేళ్లవాడు ఏ తప్పూ చేయకపోయినా వారం రోజులపాటు నువ్వు వాడి వెనకే పరుగెత్తుతూ, ప్రతివాళ్లకీ క్షమాపణలు చెప్పుకుంటూ గడపాల్సి వస్తుంది. అందుకోసం అంత డబ్బు పెట్టడం నాకైతే సబబుగా తోచదు.

మీకు సరిపోయే మార్గం మరొకటి ఉంది. సియాటిల్ నుంచి అలాస్కాకు నడిచే నార్వీజియన్ అనే సంస్థవాళ్ల పెద్ద ఓడల్లో ‘హేవెన్’ అనే ప్రత్యేక విభాగం ఉంటుంది. నార్వీజియన్ బ్లిస్ వంటి ఓడలో నాలుగు వేలమంది ప్రయాణిస్తుంటే, అందులో హేవెన్ గదులవాళ్లకు మాత్రం విడిగా భోజనశాల, విడిగా ఎండలో కూర్చునే డెక్కు, అన్నీ కనిపెట్టుకుని ఉండే మనుషులు ఉంటారు. మీ అత్తమామలకు ప్రశాంతత దక్కుతుంది, పెద్దపిల్లకు కింద మూడు నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసం నడిపే ‘స్ప్లాష్ అకాడమీ’ అనే క్లబ్బు ఉంటుంది. హేవెన్‌లోకి పిల్లలు వెళ్లకూడదని నియమమేమీ లేదు. అయినా అక్కడివాళ్లంతా ఆ నిశ్శబ్దానికే అంత డబ్బు కట్టారని గుర్తుంచుకుని, పిల్లల ఆటలన్నీ కింద పెద్ద ఓడలోనే కానిచ్చి, వాళ్లు అలిసిపోయాక పైకి తీసుకురండి.

చిన్నవాడి వయసే అసలు చిక్కు. చాలా ఓడల్లో పిల్లల క్లబ్బులో వదిలి వెళ్లాలంటే మూడేళ్లు నిండి ఉండాలి, డైపరు అలవాటు పోయి ఉండాలి. ఈ రెండో నియమం విషయంలో బతిమాలితే వినరు. వాంకూవర్ నుంచి అలాస్కా వెళ్లే డిస్నీ వండర్ అనే ఓడలో అయితే ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలను గంటల లెక్కన డబ్బు తీసుకుని చూసుకునే నర్సరీ ఉంది. దానికి ముందుగానే వేళలు కేటాయించుకోవాలి. ఇవేవీ కుదరకపోతే ప్రయాణాన్ని ఒక్క ఏడాది వాయిదా వేసుకోమనే నేను చెబుతాను. హిమానీనదాలు ఎక్కడికీ పోవు అని ఒకప్పుడు ధైర్యంగా అనేదాన్ని, ఇప్పుడు ఆ మాట అనలేను గానీ, ఒక ఏడాదికి ఫరవాలేదు.

గది ఎంపికలో చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. కొన్ని గదుల మధ్య కనెక్టింగ్ తలుపు ఉంటుంది. ఆ తలుపు అవతల మీ అత్తమామలుంటే అంతకంటే సుఖం లేదు. పిల్లలు నిద్రపోయాక తలుపు తీసుకుని మాట్లాడుకోవచ్చు. అవతల కొత్తవాళ్లుంటే మాత్రం ఆ గది తీసుకోవద్దు. గోడ ఆపినంతగా ఆ తలుపు చప్పుడును ఆపదు. తెల్లవారుజామున చిన్నవాడు ఏడిస్తే ముందు మేలుకొనేది వాళ్లే. మరొకటి, బాల్కనీ తలుపు తెరిచి ఉండగా గది బయటి నడవా వైపు తలుపు తీస్తే గాలి ఈడ్చి ఆ బరువైన తలుపును ఓడంతా అదిరేలా మూసేస్తుంది. చప్పుడు ఒక ఎత్తు, పిల్లల వేళ్లు అందులో పడితే మరో ఎత్తు. అందుచేత ఒకటి మూశాకే రెండోది తీయాలని పెద్దపిల్లకు మొదటి పూటే చేసి చూపించు. బాల్కనీలో కుర్చీలను కమ్మీకి దూరంగా లోపలికి జరిపించు, పిల్లలను ఒంటరిగా అక్కడికి ఒక్క నిమిషం కూడా వదలకు. స్ట్రోలర్ మడతపడేదే తెచ్చుకుని గదిలోనే పెట్టుకోండి. నడవాలో వదిలేస్తే చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు దారి ఉండదు, ఆపదలో అందరికీ అడ్డమవుతుంది.

జూన్‌లో వెళ్తే అలాస్కా రాజధాని జూనో ప్రాంతంలో రాత్రి పది దాకా సూర్యుడు అస్తమించడు. వెలుతురు ఉన్నంతసేపూ పిల్లలు పడుకోమని మొండికేస్తారు, పెద్దవాళ్లకు కూడా టైము తెలియదు. రాత్రి పదిన్నరకు లిఫ్టుల దగ్గర, మెట్ల మీద నిద్ర ముంచుకొచ్చి ఏడుస్తున్న పిల్లలు కనిపించేది ఇందుకే. బయట ఎంత వెలుగున్నా ఎనిమిదింటికల్లా గదికి చేరి మందపాటి కర్టెన్లు వేసెయ్యి. ఓడలో అందరూ పంచుకునే స్థలాలకు ఎవరూ రాసిపెట్టని వేళలుంటాయి. పొద్దున్నే బఫే దగ్గర, మధ్యాహ్నం కొలను దగ్గర, సాయంత్రం తొలి ప్రదర్శనలో పిల్లలు కనిపిస్తే ఎవరూ ఏమీ అనుకోరు. అవే చోట్ల రాత్రి తొమ్మిది దాటాక కనిపిస్తే అందరి చూపులూ తల్లి మీదకే తిరుగుతాయి. థియేటరులో మాత్రం ఎప్పుడైనా సరే వెనక వరసలో చివరి కుర్చీలు చూసుకోండి. పిల్లవాడు నస మొదలుపెట్టగానే లేచి బయటికి రావచ్చు.

భోజనానికి రెండు విడతలున్న ఓడైతే ముందరి విడత తీసుకోండి. కూర్చోగానే పిల్లల భోజనం ముందు తెమ్మని వడ్డించే అతనికి చెబితే, వాళ్లు సంతోషంగా తెస్తారు. మీ మామగారికి పప్పన్నం లేనిదే ముద్ద దిగదని నాకు తెలుసు. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌తో మాట్లాడితే మర్నాటి నుంచి మన శాకాహారం వండిపెట్టే ఓడలు చాలా ఉన్నాయి, వంటగదిలోనూ వడ్డనలోనూ మనదేశం కుర్రాళ్లు తరచుగా కనిపిస్తారు. రైస్ కుక్కరు, కెటిల్ మాత్రం పెట్టెలో పెట్టనివ్వకు. వేడి చేసే పరికరాలేవీ గదుల్లో ఉంచుకోనివ్వరు, తనిఖీలో పట్టుకుని దాచేసి ప్రయాణం చివర్లో తిరిగి ఇస్తారు. బఫేలో పిల్లలను పళ్లేలు పట్టుకుని తిరగనివ్వక, నువ్వే వడ్డించి తెచ్చిపెట్టు. వాళ్ల చేతులు పటకార్ల మీద కన్నా పదార్థాల మీదే ముందు పడతాయి.

కొలను విషయంలో వాదనకు తావు లేదు. డైపరు వేసుకునే పిల్లలను, అది ఈతకోసం చేసిన డైపరైనా సరే, మామూలు కొలనుల్లోకి దింపకూడదు. కొన్ని ఓడల్లో వాళ్ల కోసమే నీళ్లు చిమ్మే వేరే చోటు ఉంటుంది, అక్కడ ఆడించుకోవచ్చు. పసివాడు నీళ్లలో పాడుచేశాడంటే కొలను మొత్తం ఖాళీ చేసి శుభ్రం చేయాల్సి వస్తుంది, ఆ పూటకు అందరికీ ఈత పోయినట్టే. వేడినీళ్ల తొట్టెలు, స్పా, పెద్దవాళ్లకు మాత్రమే అని రాసిన డెక్కులు పిల్లలవి కావు. ఎవరూ లేరు కదా, ఐదు నిమిషాలే కదా అని అక్కడికి తీసుకెళ్లే తల్లిదండ్రులను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గ్లేసియర్ బే మీదుగా వెళ్లే ఓడ దొరికితే అదే తీసుకోండి. అది జాతీయ ఉద్యానవనం. రోజుకు రెండు క్రూజ్ ఓడలనే లోపలికి రానిస్తారు, పార్కు రేంజర్లు ఓడెక్కి విశేషాలు చెబుతారు. మార్జరీ హిమానీనదం ఎదుట ఓడ ఆగి నెమ్మదిగా తిరిగేటప్పుడు వేలమంది ఒక్కసారిగా కమ్మీల దగ్గరకు చేరతారు. మంచుపెళ్ల విరిగి నీళ్లలో పడినప్పుడు ముందు కళ్లకు కనిపిస్తుంది, ఉరుములాంటి చప్పుడు కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది. అందుకే చప్పుడు విని తల తిప్పినవాళ్లకు నురగ మాత్రమే మిగులుతుంది. పెద్దపిల్లకు ఈ కిటుకు ముందే చెప్పి ఉంచితే అది అల్లరి మాని మంచుగోడనే చూస్తూ నిలబడుతుంది. పిల్లలను ముందుకు పంపమని తోటివాళ్లే చోటిస్తారు. ఆ మర్యాదకు బదులుగా కాసేపు చూశాక మీరు వెనక్కి తప్పుకుని వేరేవాళ్లకు చోటివ్వాలి. చిన్నవాణ్ణి భుజాల మీద ఎక్కించుకోవద్దని అల్లుడికి గట్టిగా చెప్పు. వెనకున్నవాళ్లకు ఏమీ కనిపించదు, కమ్మీ దగ్గర అది ప్రమాదం కూడా.

నిజం చెప్పాలంటే, మనవాళ్ల విషయంలో పిల్లల కన్నా పెద్దల గోలే ఎక్కువ. నాలుగు కుటుంబాలు కలిసి వెళ్తే లాంజిలో బల్లలన్నీ జరిపి పేకాట మొదలవుతుంది. ఇంటర్నెట్ అందగానే స్పీకరు పెట్టి గుంటూరుకు వీడియో కాలు చేసి, మంచుకొండ కనిపిస్తోందా అని ఓడంతా వినేటట్టు అడుగుతారు. తువ్వాలు పరిచి పది కుర్చీలు ఆపి ఉంచడం, లిఫ్టు తలుపుకు చెయ్యి అడ్డం పెట్టి వెనకాలవాళ్లను పేరుపేరునా పిలవడం సరేసరి. పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారు కాబట్టి, మీ బృందంలో పెద్దలకే ఈ మాటలు ముందు చెప్పు. మీ అత్తగారితో ఇలా చెప్పడం నీకు కష్టమైతే, పెద్దమ్మ రాసిందని నా మీద వేసెయ్యి. అత్తమామలను వారమంతా పిల్లలకు కాపలా పెట్టవద్దు కూడా. నువ్వూ అల్లుడూ పూటలు పంచుకుంటే, వాళ్లకు అడిగినప్పుడు ఒక గంట చూడటం సరదాగానే ఉంటుంది.

పిల్లలకు వాంతులో విరేచనాలో మొదలైతే దాచిపెట్టక వెంటనే ఓడ డాక్టరుకు చెప్పాలి. నోరోవైరస్ ఓడల్లో చాలా వేగంగా పాకుతుంది, సీసాలో ఉన్న శానిటైజరు కన్నా సబ్బు, నీళ్లే దాని మీద బాగా పనిచేస్తాయి. మీ గదిలోనే ఉండమని డాక్టరు చెబితే ఉండాలి. వైద్యం బిల్లు గది ఖాతాలో పడుతుంది, తక్కువేమీ కాదు. అందుచేత ప్రయాణ బీమా ముందే తీసుకోండి. ఓడ కదలక ముందు జరిగే భద్రతా శిక్షణను ఎగ్గొట్టవద్దు. పిల్లల చేతికి ఆపదలో వాళ్లు వెళ్లాల్సిన చోటు రాసిన పట్టీ కడితే ప్రయాణమంతా తీయనివ్వకు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఎవరో ఒకరు విసుక్కోకపోరు. అప్పుడు ఒక్కసారి క్షమించమని చెప్పి, పిల్లవాణ్ణి అక్కడి నుంచి తీసుకువెళ్లిపో. పిల్లలన్నాక అల్లరి చేయరా అని సమాధానం చెప్పబోకు. ఆ మనిషి నిజంగా హద్దుమీరి మాట్లాడితే నువ్వు నోరు చేసుకోకుండా సిబ్బందికి చెప్పు, వాళ్లకు ఇది నిత్యం ఉండే పనే.

చివరగా వీసా సంగతి. అమెరికా రేవులోనే మొదలై అక్కడే ముగిసే ప్రయాణంలో, విదేశాల్లో నమోదైన ఓడ మధ్యలో ఏదో ఒక విదేశీ రేవును తాకాలని 1886 నాటి చట్టం ఒకటుంది. అందుకే సియాటిల్ నుంచి బయలుదేరే ఓడలు సాధారణంగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. మీ అత్తమామలు అక్కడ ఓడ దిగకపోయినా వాళ్ల భారత పాస్‌పోర్టుల మీద కెనడా వీసా ఉండాలి. లేకపోతే సియాటిల్‌లోనే వెనక్కి పంపేస్తారు. వాళ్లు ఇండియాలో ఉండగానే ఆ దరఖాస్తు పెట్టించు, అది చేతికి వచ్చే దాకా తిరిగి రాని డబ్బేదీ కట్టవద్దు. ఓడ, తేదీ ఖాయమయ్యాక డెక్కుల పటం నాకు పంపితే, థియేటరు మీదా కొలను కిందా పడకుండా ఓడ నడుమన ఉండే గదులేవో నేనూ మీ పెదనాన్నా చూసి చెబుతాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ