గొంతునే నమ్ముకుని ఉద్యోగం మానేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 29. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెబుతాను. జీతం 18 వేలు. మా వారు మందుల దుకాణంలో పనిచేస్తారు, 24 వేలు తెస్తారు. నాలుగేళ్ల పాప ఉంది. ఇంటి ఖర్చు నెలకు 34 వేలు. మిగిలేది చీటీకి, పాప పేరున ఉన్న సుకన్య సమృద్ధి ఖాతాకు పోతుంది. బ్యాంకులో 70 వేల డిపాజిట్ ఉంది. ఏడాదిగా రాత్రిళ్లు ఇంట్లోనే ప్రకటనలకు, ఆన్‌లైన్ పాఠాలకు వాయిస్ ఓవర్ చెబుతున్నాను. సగటున నెలకు 17 వేలకు పైగా పని దొరుకుతోంది, అంటే దాదాపు నా జీతమంత. పుట్టింటివారు పెట్టిన బంగారం కుదువపెట్టి 3 లక్షలు తెచ్చి, మేడ మీది గదిని స్టూడియోగా మార్చి, ఒక శిక్షణ కోర్సులో చేరి, ఉద్యోగం మానేద్దామని ఉంది. మా వారు “నీ ఇష్టం” అంటున్నారు. పద్దు పుస్తకం ఫొటోలు పంపుతున్నాను. మీరేమంటారు?

జవాబు: మీ వారి “నీ ఇష్టం”లో సగం ప్రేమ, సగం భయం ఉన్నట్టున్నాయి. ఆ భయానికి కారణం మీ పుస్తకంలోనే ఉంది.

ఎడమవైపు చేసిన పని, కుడివైపు అందిన సొమ్ము రాసుకున్నారు. సొమ్ము అందినప్పుడు ఎర్ర సిరాతో టిక్కు పెట్టారు. ఇంత శుభ్రంగా లెక్క రాసేవాళ్లు నా దగ్గరకు తక్కువగా వస్తారు. కాకపోతే మీరు ఎడమవైపు కూడి నెలకు 17 వేలు అన్నారు. నేను కుడివైపు మొత్తం వేశాను. ఏడాదిలో చేసిన పని 2,09,000. చేతికి వచ్చింది 1,41,000. అంటే సగటు 11,750.

ఆ సగటు కూడా నమ్మదగ్గది కాదు. అక్టోబరులో దసరా, దీపావళి ప్రకటనల పుణ్యమా అని ఒక్క నెలలోనే 31 వేలు వచ్చాయి. ఏడు నెలల్లో పది వేలు కూడా దాటలేదు. ఒక నెలలో వచ్చింది 1,500. పన్నెండు నెలలనూ తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యన ఉండేది 9 వేలు. మీ ఇంటికి ఒక మామూలు నెలలో మీ గొంతు తెచ్చేది అంతే.

ఇప్పుడు ఉద్యోగం మానేశారనుకుందాం. మీ వారి 24 వేలకు ఈ 9 వేలు కలిపితే 33 వేలు. ఖర్చు 34 వేలు. దానిపైన బంగారం అప్పు. ఏడాదికి 11 శాతం వడ్డీ అనుకున్నా, 3 లక్షలకు నెలకు 2,750 వడ్డీకే పోతుంది, అసలు తీరదు. అంటే చీటీ, సుకన్య ఆపేశాక కూడా నెలనెలా 3,750 లోటు. బంగారం కుదువపెట్టేది పని పెంచుకోవడానికి అనుకుంటారు, ఆరు నెలలు తిరిగేసరికి అది పాల బిల్లుకు, పాప ఫీజుకు కరిగిపోతుంది. ఇది చాలా ఇళ్లలో చూశాను.

కాబట్టి ఇప్పుడు మానొద్దు. ఎప్పుడు మానవచ్చో కూడా చెబుతాను, ఎందుకంటే మీ గొంతుకు గిరాకీ లేదని నేననడం లేదు. మీ వారి జీతం పోగా ఇంటికి తగ్గేది 10 వేలు. ఒక ఏడాదిలో మీకు అన్నిటికంటే తక్కువ వచ్చిన మూడు నెలల సగటు 10 వేలకు చేరాలి. ఈ ఏడాది ఆ మూడు నెలలు 1,500, 4,000, 6,000. సగటు నాలుగు వేలు కూడా లేదు. మంచి నెలలు చూసి ఉద్యోగం మానేసేవారికి చెడ్డ నెలల్లో ఎవరూ జీతం ఇవ్వరు.

రెండో షరతు, ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 2,04,000, ముట్టుకోని నిల్వగా ఉండాలి. జీతాలతో ఇల్లు గడుస్తోంది కాబట్టి వాయిస్ ఓవర్ సొమ్మంతా వేరే ఖాతాలో వేయండి. ఇదే వేగంతో ఏడాదికి 1,41,000 చేరుతుంది. మీ డిపాజిట్ కలిపి, పరికరాలకు 35 వేలు తీసేసినా పద్నాలుగు, పదిహేను నెలల్లో ఆ నిల్వ అవుతుంది. ఉద్యోగం మానేశాక కూడా ఆ ఖాతా నుంచి ఇంటికి నెలకు 10 వేలే తీసుకోండి. అక్టోబరులో 31 వేలు వచ్చినా అంతే. మిగతాది తక్కువ వచ్చే నెలల కోసం అక్కడే ఉండాలి.

శ్రీకాకుళంలో ఉంటున్నారు కాబట్టి నిల్వ గురించి ఇంకొంచెం గట్టిగా చెబుతున్నాను. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. మీ పుస్తకంలో అన్నిటికంటే లావైన నెల కూడా అక్టోబరే. పండగ ప్రకటనల గిరాకీ, తుపానుల కాలం ఒకే నెలలో పడ్డాయి. కరెంటు, నెట్ నాలుగు రోజులు పోతే పండగ ప్రకటన ఆగదు, హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్న ఇంకో గొంతుతో చెప్పించేస్తారు. అందుకే మేడ మీద గదికి నురుగు పలకలు అతికించడం కంటే, కంప్యూటర్‌కు, రౌటర్‌కు సరిపడే చిన్న ఇన్వర్టర్ మీ వృత్తికి ఎక్కువ మేలు చేస్తుంది.

ఇక స్టూడియో. ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో ఇల్లని, రాత్రి పదిన్నర దాటాక ఫ్యాను ఆపి, బీరువా తలుపుల మీద రెండు బొంతలు వేలాడదీసి, మధ్యలో నిలబడి చదువుతానని రాశారు. నాకు అది చదవగానే ముచ్చటేసింది. మెత్తటి బొంత ప్రతిధ్వనిని బాగానే మింగేస్తుంది. వీధి చప్పుడును మాత్రం ఆపలేదు, దానికి గోడల నిర్మాణమే మారాలి. లక్షన్నర పోసినా మేడ మీది రేకుల గదిలో వాన చప్పుడు వినిపిస్తుంది. ఒక మంచి మైకు, దాన్ని కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్, ఊపిరి దెబ్బ మైకుకు తగలకుండా ఆపే పాప్ ఫిల్టర్, ఇవన్నీ 35 వేల లోపు సర్దుకోండి, బొంతలు అలాగే ఉంచండి. ఉద్యోగాలు గ్యారంటీ అనే కోర్సుకు మాత్రం పైసా కట్టొద్దు. గ్యారంటీ ఇచ్చేవారు దాన్ని కాగితం మీద పెట్టమంటే ఏమంటారో అడిగి చూడండి, సరదాగా ఉంటుంది. ఒక ప్రకటన, ఒక పాఠం, ఒక కథ ముక్క, ఒక్కొక్కటి నిమిషానికి మించకుండా మీరే డెమో చేసుకోగలరు.

మీ పుస్తకంలో టిక్కు పడని 68 వేల సొమ్ము దగ్గరకు వద్దాం. అసలు సంగతి ఇక్కడుంది. 52 వేల బిల్లుకు ఒక ఏజెన్సీ 46,800 మాత్రమే పంపిందని, 5,200 “కమీషన్ కొట్టేశారు” అని రాశారు. సరిగ్గా పది శాతం. అది కమీషన్ కాకపోవచ్చు, టీడీఎస్, అంటే చెల్లించేవారు ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను, అయి ఉండవచ్చు. ఒక సంస్థ ఏడాదిలో మీకు ఇచ్చే వృత్తి ఫీజు 50 వేలు దాటితే 10 శాతం పట్టుకుని మీ పాన్ మీద ప్రభుత్వానికి కట్టాలి. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ పరిమితి 30 వేలు ఉండేది. ఆదాయపు పన్ను పోర్టల్‌లోకి వెళ్లి ఆ 5,200 మీ పాన్ మీద జమ అయిందో లేదో చూడండి. జమ అయితే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోండి. జీతం 2,16,000, ఈ సంపాదన కలిపినా కొత్త పన్ను విధానంలో 4 లక్షల లోపే కాబట్టి మీకు పన్ను లేదు. జమ కాకపోతే అప్పుడు గొడవ పెట్టుకోండి. జీతగాళ్లు మామూలుగా వేసే రిటర్ను ఫారం, ఐటీఆర్-1, మీకు కుదరదు, వృత్తి ఆదాయం చూపే ఫారమే వేయాలి.

వచ్చినదాంట్లో సగమే ఆదాయంగా చూపితే చాలని ఎవరో చెప్పారన్నారు. ఆ సౌకర్యం చట్టంలో పేర్కొన్న కొన్ని వృత్తులకే. సినిమా కళాకారులు ఆ జాబితాలో ఉన్నారు గానీ ప్రకటనలకు, పాఠాలకు గొంతు ఇచ్చేవారి పేరు విడిగా లేదు. మీకు ఎలాగూ పన్ను పడదు, అసలు ఖర్చులే చూపండి. జీఎస్‌టీ సంగతి ఏడాదికి 20 లక్షలు దాటాక ఆలోచిద్దాం.

ఆ 5,200 పోగా మిగిలిన 62,800 బాకీలో 40 వేలు ఒకే సంస్థది. ఐదు నెలలైంది. ఫోను చేస్తే “వచ్చే వారం” అంటున్నారట. మీరు చిన్న సంస్థల నమోదుకు ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు కండి. ఆధార్, పాన్ చాలు, రుసుము లేదు, డబ్బు అడిగే మధ్యవర్తి వెబ్‌సైట్ల జోలికి పోవద్దు. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు చెల్లించాలని చట్టం. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ. పైగా గడువు దాటినా చెల్లించని బిల్లును ఆ ఏడాది ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవడం కంపెనీలకు ఇప్పుడు కుదరదు. వాళ్ల అకౌంటెంట్‌ను కదిలించేది ఈ మాటే. పాత బాకీకి ఇది పూర్తిగా పనికిరాకపోవచ్చు, కొత్త పని ఒప్పుకునే ముందే నమోదు ఉండాలి. ఇకపై పెద్ద పనికి సగం ముందే తీసుకోండి.

ఒప్పుకునేటప్పుడు నాలుగు వాక్యాలు మెయిల్‌లో రాయించుకోండి: ఎక్కడ వాడతారు, ఎంతకాలం, ఎన్ని రీటేకులు ఉచితం, ఎన్నాళ్లలో చెల్లిస్తారు. ఐదోది ఈ రోజుల్లో తప్పనిసరి, నా గొంతుతో కృత్రిమ మేధకు శిక్షణ ఇవ్వకూడదు, నకలు తయారు చేయకూడదు. గాయకుడు అరిజీత్ సింగ్ తన గొంతు నకళ్ల మీద 2024లో బొంబాయి హైకోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకున్నారు. మనకు హైకోర్టుకు వెళ్లే స్తోమత లేదు, మెయిల్ రాయించుకునే ఓపిక ఉంది.

చిన్న విషయం ఒకటి. మీ జీతం 21 వేల లోపు కాబట్టి జీతం చీటీలో ఉద్యోగుల వైద్య బీమా అయిన ఈఎస్‌ఐ కింద 0.75 శాతం కోత ఉందేమో చూడండి. ఉంటే ఉద్యోగంతోపాటు వైద్యమూ పోతుంది, మానేసే రోజుకు ముందే కుటుంబానికి ఆరోగ్య బీమా ఉండాలి.

ఈలోగా వేసవి సెలవులు వస్తాయి. జీతం పోకుండానే ఆ నెలన్నర పూర్తికాలం ఇదే పని చేసి చూడండి. రోజుకు ఐదారు గంటలు చదివితే గొంతు ఏమంటుందో కూడా తెలుస్తుంది. అది మైకు కంటే ఖరీదైన పరికరం, మరమ్మతు దొరకదు.

చివరగా, మీ ఉత్తరంలో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ నగల దుకాణం ప్రకటన. 1,500కు చదివారు. ఏడాదిగా వాళ్ల ప్రచారం ఆటో మైకులో మీ గొంతే తిరుగుతోంది. కూరగాయలు కొంటుంటే పాప “అమ్మ మాట్లాడుతోంది” అని వేలు చూపించిందట. ఎంతకాలం వాడుకోవచ్చో ఆరోజు ఎవరూ రాసుకోలేదు. ఈ ఆదివారం దుకాణానికి వెళ్లండి. గొడవ వద్దు. “అయ్యా, ప్రకటన పాతబడింది, దసరాకు కొత్తది చదువుతాను, ఆరు నెలల వాడకానికి ఇంత” అని చెప్పండి. 6 వేలు అడగండి. బేరమాడి 4 వేలకు దిగినా సరే, ఆ సొమ్ము ముందుగానే తీసుకుని, కుడివైపు టిక్కు పెట్టి నాకు ఫొటో పంపండి.