సెకండ్ హ్యాండ్ కారు కొన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కొన్న రెండు నెలలకే బండి పెట్రోలు విపరీతంగా తాగుతోందనీ, వేగం పెరిగేకొద్దీ కింది నుంచి ఒక హోరు వినిపిస్తోందనీ, ఉదయం స్టార్టు చేయగానే ఇంజిన్ వైపు నుంచి టక్ టక్ మని చప్పుడు వచ్చి కాసేపటికి తగ్గిపోతోందనీ రాశావు. చూసిన మెకానిక్ ఆక్సిజన్ సెన్సారూ (పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసేది), ఇంజెక్టర్లూ (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మేవి) మార్చాలన్నాడని కూడా రాశావు. ఆ పని ఇప్పుడే చేయించకు. ముప్పై ఏళ్లకు పైగా బండ్ల కింద పడుకుని పని చేసినవాడిగా చెబుతున్నాను, మైలేజీ పడిపోవడమూ చప్పుడు రావడమూ చాలాసార్లు ఒకే జబ్బుకు రెండు లక్షణాలు. ఇంజిన్ పుట్టించిన శక్తిని దారిలో ఏదో ఒకటి పట్టి లాగుతుంటే ఆ చోటు వేడెక్కుతుంది, అరుస్తుంది, అందుకయ్యే ఇంధనం నీ ట్యాంకులోంచే పోతుంది. కాబట్టి ఈ రెండు ఫిర్యాదులనూ విడివిడిగా కాకుండా కలిపి చూడు.

మొదట మైలేజీ నిజంగా ఎంత వస్తోందో తేల్చుకో. డాష్‌బోర్డు మీద కనిపించేది బండి తనంతట తాను వేసుకున్న లెక్క, అది కొంత అటూ ఇటూ అవుతుంది. ట్యాంకు నింపేటప్పుడు గన్ తనంతట తాను ఆగేదాకా పోయించి, అక్కడితో ఆపి, కిలోమీటర్ల రీడింగు రాసుకో. సగానికి పైగా ఖర్చయ్యాక మళ్లీ అదే పద్ధతిలో నింపించి, ఈసారి ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకో. 412 కిలోమీటర్లు తిరిగాక 34 లీటర్లు పట్టిందంటే లీటరుకు 12 కిలోమీటర్ల చిల్లర వచ్చినట్టు. ఒక్కసారి లెక్కను నమ్మకు, కనీసం మూడు ట్యాంకులు చూడు. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ఇంకో సంగతి కూడా గమనించు. పాత యజమాని కంపెనీ ఇచ్చిన సైజుకంటే పెద్ద టైర్లు వేయించి ఉంటే, చక్రం ఒక్కసారి తిరిగినప్పుడు బండి ఎక్కువ దూరం పోతుంది గానీ మీటరు మాత్రం పాత లెక్క ప్రకారమే తక్కువగా చూపిస్తుంది. అప్పుడు మైలేజీ నిజంగా ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద అంటించిన కాగితంలో సరైన సైజు, ఎంత గాలి ఉండాలన్నదీ రాసి ఉంటాయి. గాలి మాత్రం టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూపించాలి, కొంత దూరం నడిపిన తర్వాత చూపిస్తే కొలత ఎక్కువగా వస్తుంది.

ఆ తర్వాత చేయాల్సిన పరీక్షకు ఏ పనిముట్టూ అక్కర్లేదు, అయినా చాలామంది దీన్నే వదిలేస్తారు. రద్దీ లేని రోడ్డు మీద పది పదిహేను కిలోమీటర్లు, వీలైనంత తక్కువగా బ్రేకు వేస్తూ నడుపు. చివర కూడా బ్రేకు గట్టిగా తొక్కకుండా బండిని దానంతట దాన్ని నెమ్మదించనిచ్చి పక్కకు ఆపు. దిగి నాలుగు చక్రాల దగ్గరా అరచేతిని రిమ్ముకు దగ్గరగా, తగలకుండా పెట్టి చూడు. డిస్కును మాత్రం ముట్టుకోవద్దు, చెయ్యి కాలుతుంది. ముందు చక్రాలు వెనకవాటికంటే కొంచెం వెచ్చగా ఉండటం మామూలే. చూడాల్సింది కుడి ఎడమల తేడా. ఒక చక్రం దగ్గర సెగ కొడుతూ దాని జత చక్రం మామూలుగా ఉంటే, ఆ వైపు బ్రేకు వదలకుండా పట్టుకునే ఉందన్నమాట. డిస్కును పట్టి ఆపే క్యాలిపర్ పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోవడం, లోపలి పిస్టన్ వెనక్కి జరగకపోవడం, వెనక చక్రమైతే హ్యాండ్ బ్రేకు కేబుల్ వదులు కాకపోవడం సాధారణంగా కనిపించే కారణాలు. కొన్నాళ్లు వాడకుండా నిలబెట్టిన బండ్లలో ఇది మరీ ఎక్కువ. నీ బండి అమ్మకానికి ముందు నెలల తరబడి కదలకుండా ఉందని రాశావు కనుకనే దీన్ని ఇంత వివరంగా చెబుతున్నాను. సమతలంగా ఉన్న చోట న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు దించి, ఒక్క మనిషి తోస్తే చిన్న కారు కదలాలి. కదలనని మొరాయిస్తే నీ పెట్రోలు ఎక్కడికి పోతోందో తెలిసినట్టే.

వేగంతో పాటు పెరిగే హోరు టైర్లదైనా కావచ్చు, చక్రం బేరింగుదైనా కావచ్చు. నున్నటి రోడ్డు మీదికి వెళ్లగానే శబ్దం మారిపోతే టైర్లను అనుమానించు. అరచేత్తో టైరు మీద ముందుకీ వెనక్కీ నిమిరినప్పుడు ఒక వైపు నున్నగా, మరో వైపు రంపంలా గరుకుగా తగిలితే అరుగుదల సరిగా లేదు, అలైన్‌మెంట్ చూపించాలి. రోడ్డు ఏదైనా ఒకేలా వినిపిస్తూ, ఖాళీ రోడ్డు మీద స్టీరింగును మెల్లగా ఎడమకు తిప్పినప్పుడు పెరిగి కుడికి తిప్పినప్పుడు తగ్గితే, కుడి వైపు బేరింగు పాడై ఉండవచ్చు, ఎందుకంటే బండి తిరిగేటప్పుడు బరువు బయటి వైపు చక్రం మీద పడుతుంది. ఆ చక్రాన్ని జాకీతో లేపి, కింద స్టాండు పెట్టి, పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు వదులుగా ఆడుతుంటే అనుమానం బలపడినట్టే. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎప్పుడూ దూరకు. ఇందులో తొందర పనికిరాదు నాయనా.

ఇక నీ టక్ టక్ సంగతి. దీని గురించి నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట సరిగ్గా ఇవే లక్షణాలతో ఒక బండి నా దగ్గరికి వచ్చింది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు టక్ టక్, వేడెక్కాక తగ్గుదల, మైలేజీ పతనం. బండి కంప్యూటరులోని లోపాల కోడ్లు చదివే స్కానరు పెడితే, గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమంలో పెట్రోలు చాలడం లేదని చూపించింది. నేను ఆక్సిజన్ సెన్సారు మార్చాను. పది రోజుల్లో బండి మళ్లీ వచ్చింది. కొత్త సెన్సారే తప్పుడుదనుకుని ఇంకోటి వేశాను, అయినా తగ్గలేదు. చివరికి ఒక ఉదయం ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు సైలెన్సరు మొదలయ్యే చోట, అంటే మ్యానిఫోల్డ్ మీద ఉన్న రేకు విప్పి, టార్చి వేసి చూశాను. రెండో సిలిండరు గొట్టం మెడ దగ్గర వెంట్రుకంత పగులు, దాని చుట్టూ కాటుక దిద్దినట్టు సన్నని నల్లటి మసి. చల్లగా ఉన్నప్పుడు ఆ పగులు తెరుచుకుని ఉండి ప్రతి పేలుడుకూ టక్కుమనేది, ఇనుము వేడెక్కి వ్యాకోచించాక మూసుకుపోయేది. అయితే మైలేజీతో దానికేం సంబంధం? పొగ అలలు అలలుగా బయటికి పోతుంది, రెండు అలల మధ్య ఒత్తిడి పడిపోయినప్పుడు ఆ పగులు బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. పొగ దారిలో ఆ పగులు తర్వాత ఉన్న ఆక్సిజన్ సెన్సారు ఆ గాలిలోని ఆక్సిజన్‌ను చూసి పెట్రోలు చాలడం లేదని చెబుతుంది, కంప్యూటరు ఆ మాట నమ్మి పెట్రోలు పెంచుతుంది. సెన్సారు తప్పేమీ లేదు, అది చూసిందే చెప్పింది. ఆ యజమాని చేత రెండు సెన్సార్ల డబ్బు అనవసరంగా పెట్టించానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. నీ విషయంలో అది జరగకూడదనే ఈ ఉత్తరం ఇంత పొడవు రాస్తున్నాను.

అందుచేత రాత్రంతా నిలిపి ఉంచిన బండిని ఉదయం ఆరుబయట స్టార్టు చేసి, ఆ మొదటి రెండు మూడు నిమిషాలు శ్రద్ధగా విను. మూసిన షెడ్డులో మాత్రం ఈ పని చేయకు, ఆ పొగ ప్రాణాంతకం. టక్ టక్ అనేది యాక్సిలరేటరు తొక్కినప్పుడు గట్టిపడితే పగులునో, అతుకు మధ్య చెడిపోయిన గాస్కెట్టునో వెతకాలి. స్టార్టు చేసిన కొన్ని సెకన్లకే ఆగిపోతే అది ఆయిల్ పైకి చేరేదాకా, వాల్వులను కదిలించే ట్యాపెట్లు చేసే చప్పుడు కావచ్చు. ఆయిల్ కొలిచే పుల్ల, అంటే డిప్‌స్టిక్ తీసి మట్టం చూడు, ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియకపోతే పుస్తకంలో చెప్పిన గ్రేడుతోనే మార్పించు. చప్పుడు వినపడకుండా చిక్కటి ఆయిల్ పోసి బండి అమ్మేవాళ్లు ఉన్నారు. అలాంటి ఆయిల్ ఇంజిన్‌కు బరువై, ఉదయం పూట పైకి చేరడానికీ ఆలస్యం చేస్తుంది.

ఉష్ణోగ్రత ముల్లును కూడా గమనించు. పావుగంట నడిపినా అది మామూలు చోటికి రాకుండా కిందే ఉంటే, లేదా హైవే మీద పడిపోయి ట్రాఫిక్‌లో పెరుగుతుంటే, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని (కూలెంట్‌ను) రేడియేటరుకు వదిలే థర్మోస్టాట్ తెరుచుకుని అలాగే ఉండిపోయిందని అనుకోవచ్చు. చాలా ఇంజిన్లు సుమారు 90 డిగ్రీల దగ్గర పని చేసేలా తయారవుతాయి. అంత వేడి అందకపోతే కంప్యూటరు చలి ఇంజిన్‌కు ఇచ్చినట్టే అదనంగా పెట్రోలు ఇస్తూ పోతుంది. దీనికి చప్పుడు ఉండదు, అందుకే ఎవరికీ పట్టదు. స్కానరులో పీ0128 అనే కోడ్ వస్తే ముందు కూలెంట్ మట్టమూ, తర్వాత ఈ థర్మోస్టాటూ చూపించు. పీ0171 వస్తే మిశ్రమంలో పెట్రోలు తక్కువగా ఉన్నట్టు కంప్యూటరు భావిస్తోందని మాత్రమే అర్థం, ఫలానా భాగం మార్చమని కాదు. నా సెన్సార్ల కథ అక్కడే మొదలైంది. బండి నిలబడి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు (ఐడ్లింగ్‌లో) బుస్సుమనే శబ్దం వస్తూ ఇంజిన్ వేగం నిలకడ లేకుండా ఉంటే ఏదో రబ్బరు గొట్టం చిట్లి గాలి పీలుస్తోందేమో చూడాలి.

ప్లగ్గులు విప్పించినప్పుడు వాటి రంగు నువ్వే చూడు. లేత గోధుమ రంగు మంచిది, పొడి నల్ల మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, నూనె జిడ్డు ఉంటే లోపలికి ఆయిల్ చేరుతోంది. ఎయిర్ ఫిల్టరు మురికిగా ఉంటే మార్చు గానీ, ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో దానివల్ల మైలేజీ గొప్పగా పెరుగుతుందని ఆశపడకు. కార్బురేటరు బండ్ల నాటి అనుభవం అది, బండి లాగుడు మాత్రం కొంత మెరుగుపడుతుంది. పైన క్యారియరు ఉంటే విప్పేయి. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర ఉండే గాలి నిరోధం 110 దగ్గర దాదాపు రెట్టింపు అవుతుంది, క్యారియరు దానికి తోడవుతుంది.

కొన్ని చప్పుళ్లకు మాత్రం కొలతలూ పరీక్షలూ అంటూ ఆగకూడదు. బ్రేకు తొక్కినప్పుడు ఇనుము ఇనుముతో రాసుకున్నట్టు గర్ర్ మంటే, ఇంజిన్ లోతులోంచి సుత్తితో కొట్టినట్టు బరువైన దెబ్బలు వినిపిస్తే, ఆయిల్ లైటు వెలిగితే, బండిని అక్కడే ఆపి మోసుకెళ్లే వాహనాన్ని పిలిపించు. స్టీరింగు పూర్తిగా తిప్పి మలుపు తిరిగేటప్పుడు కటకటమంటే యాక్సిల్ జాయింటు. దాని రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు చిమ్మిందేమో చూస్తే తెలిసిపోతుంది. స్టార్టు చేయగానే కీచుమంటే చాలావరకు బెల్టే, కానీ ఇంజిన్ తిరుగుతుండగా దాని దగ్గర చెయ్యి పెట్టవద్దు. ఇంజిన్ ఆపేశాక కూడా రేడియేటరు ఫ్యాను తనంతట తాను తిరగవచ్చు, కాబట్టి చేతులు అక్కడి నుంచి కూడా దూరంగా ఉంచు.

మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు శబ్దాన్ని ఫోనులో రికార్డు చేసి తీసుకెళ్లు. అక్కడికి చేరేసరికి ఇంజిన్ వేడెక్కి చప్పుడు మాయమై ఉంటుంది. వీలైతే బండిని ముందు రోజు సాయంత్రమే అక్కడ వదిలి, ఉదయం అతని ఎదుటే స్టార్టు చేయించు. ఒకసారికి ఒక్క మార్పే చేయించి, మళ్లీ ఒక ట్యాంకు కొలిచాకే రెండోది ఒప్పుకో. విప్పిన పాత భాగాన్ని అడిగి తీసుకో.

ఈ ఆదివారం చక్రాల వేడి చూసి, ఏది ఎక్కువ వేడిగా ఉందో రాయి. మూడు ట్యాంకుల లెక్క కూడా పూర్తి కాగానే పంపించు. మ్యానిఫోల్డ్ దగ్గర మసి కనిపిస్తే ఒక ఫోటో తీసి పెట్టు, నేను చూస్తాను.

ఇట్లు,
మామయ్య