మాటకారి దొరుకుతున్నాడు, సేల్స్‌మన్ దొరకడం లేదు

ప్రశ్న: మేము వ్యవసాయ మోటార్లు, పంపుసెట్లు తయారుచేస్తాము. డీలర్ల నుంచి ఆర్డర్లు తెచ్చి, బాకీలు వసూలు చేసే సేల్స్‌మన్లను మేమే ఇంటర్వ్యూ చేసి తీసుకుంటున్నాము. ఇంటర్వ్యూలో గలగలా మాట్లాడినవారే ఆరు నెలలు తిరగకుండా మానేస్తున్నారు, బాకీలు పేరుకుపోతున్నాయి. పొరపాటు ఎక్కడుంది?
— ఒక పాఠకుడు, ఏలూరు

సమాధానం: అమ్మకాల ఉద్యోగానికి వచ్చే అభ్యర్థికి తన గురించి తాను గొప్పగా చెప్పుకోవడం ఎటూ తెలిసే ఉంటుంది కనుక, మిగతా ఉద్యోగాలకన్నా ఇక్కడే మాటకు పడిపోయే ప్రమాదం ఎక్కువ. “ఈ పెన్ను నాకు అమ్మి చూపించు” అనే అరిగిపోయిన ప్రశ్నతో తేలేదేమీ లేదు. మీ డీలరు అడిగేది పెన్ను కాదు, రెండు నెలల అరువు.

ప్రశ్నలను ముందే రాసుకుని, అందరినీ అవే అడగండి. ఇంటర్వ్యూ చేసే ఇద్దరూ తమలో తాము మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వారు వేయాలి. ఇది చాదస్తంగా తోచవచ్చు గానీ, 2022లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ శాకెట్ బృందం పాత అధ్యయనాలను తిరిగి లెక్కగట్టినప్పుడు, ఉద్యోగంలో పనితీరుతో ఇలాంటి ఇంటర్వ్యూ మార్కులకు 0.42 సహసంబంధం (సున్నా అయితే పొంతనే లేదని, ఒకటి అయితే పూర్తి పొంతన అని) కనిపించగా, తోచినట్టు సాగే ఇంటర్వ్యూకు 0.19 మాత్రమే కనిపించింది. 0.42 అన్నా పూచీ ఏమీ కాదనుకోండి.

టార్గెట్ దాటారా అంటే దాటామనే అందరూ అంటారు. చేరేనాటికి ఆ ఏరియాలో అమ్మకం ఎంత, వదిలేనాటికి ఎంత, మార్కెట్లో బాకీ ఎంత మిగిలింది అని అడగండి. ఒక మొండి బాకీని ఎలా రాబట్టారో చెప్పమంటే, నిజంగా రాబట్టినవాడు ఎన్నిసార్లు తిరిగాడో, డీలరు ఏ సాకు చెప్పాడో, ఎన్ని వాయిదాలకు ఒప్పుకున్నాడో చెబుతాడు. మిగిలినవారు “రిలేషన్ మెయింటెయిన్ చేయాలండీ” దగ్గరే ఆగిపోతారు.

ఆ తరువాత మీ మేనేజరునే డీలరుగా కూర్చోబెట్టి, “పోయిన సీజనులో ఇచ్చిన మోటారు వైండింగ్ కాలిపోయి రైతు నా కొట్టు ముందు కూర్చున్నాడు, మళ్లీ ఆర్డరా?” అనిపించండి. వెంటనే కొత్త స్కీము ఎత్తుకునేవాడికన్నా, బోరు లోతెంత, ఓల్టేజీ ఎంత వస్తోంది, స్టార్టరు ఏది అని ఆరా తీసేవాడు మీకు పనికొస్తాడు.

ఆరు నెలలకే మానేయడానికి ఎంపిక ఒక్కటే కారణం కాకపోవచ్చు. స్థిర జీతం ఎంత, పెట్రోలు ఖర్చు ఎంత ఇస్తారు, బాకీ రాకపోతే ఇన్సెంటివ్ ఆపుతారా అన్నవి ఇంటర్వ్యూ రోజునే కాగితం మీద పెట్టి చూపించండి. అవి చూసి వద్దనుకునేవాడు ఆ రోజే వెళ్లిపోతే, మీ డీలర్లకు మరో కొత్త ముఖాన్ని పరిచయం చేసే శ్రమ తప్పుతుంది.